ఆషాఢంలో గోల్‌బాల్

టీవీలో ఏం నడుస్తోందో పక్కన కూర్చున్న బిడ్డకు నోటితో చెప్పడం జమునకు పదేళ్లుగా అలవాటు. హైందవికి ఆరో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. అప్పటి నుంచి సీరియల్లో ఎవరు ఏ చీర కట్టారు, ఎవరు గుడ్లురిమి చూశారు, ఎవరి చేతిలోంచి పళ్లెం జారింది, అన్నీ తల్లే చెప్పాలి. ఆ చెప్పడంలోనూ ఆమెకు ఒక తీరు ఉంది. కథలో ఎవరైనా మెట్లెక్కుతుంటే చాలు, "ఇగ పడ్తదే, ఇప్పుడు పడ్తది" అంటుంది. పడకపోతే రేపటి భాగంలో పడుతుందని ఆమె గట్టి నమ్మకం.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు వాళ్లది. ఆషాఢం వచ్చి వారమైంది. లగ్గాలు లేని నెల. భర్త ఎల్లేష్ శుభలేఖలు అచ్చేసే దుకాణంలో మిషన్ నడుపుతాడు, అక్కడ మిషన్ మీద గుడ్డ కప్పేశారు. జమున ఆబిడ్స్‌లో పోస్టాఫీసు వెనకున్న ఫంక్షన్ హాల్లో పనిచేస్తుంది. నేల కడిగి, ఎంగిలాకులు తీసి, గంగాళాలు తోమే ఐదుగురు ఆడవాళ్లలో ఆమే పెద్ద. అక్కడా పొద్దున ఒకసారి తుడిచి వస్తే అయిపోయినట్టే. అందుకని ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. సీరియల్ కోసం రిమోట్ నొక్కుకుంటూ పోతున్న జమున వేలు ఒకచోట ఆగింది.

"ఏమొస్తుందమ్మా?" అంది హైందవి.

"ఏందో ఆటనే. వేరే దేశపోళ్లు. ఆడోళ్లు ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. కండ్లకు నల్లటి పట్టీలు గట్టుకున్నరు. మొత్తం మూసినట్టే ఉంది, ఏం కనవడది." జమున ఇంకాసేపు చూసింది. ఆమె ముఖం మాడిపోయింది. "కండ్లుండి కండ్లకు గంతలు గట్టుకుని ఆడుతున్నరు. ఏం సోకులే ఇవి. అంత సరదా ఉంటే మా ఇంటికి రమ్మను, కండ్లు లేకుంటే ఎట్లుంటదో నేను జెప్త."

టపుక్కున టీవీ కట్టేసింది.

"పెట్టమ్మా," అంది హైందవి.

"ఎందుకే? మనల్ని ఎక్కిరించినట్టుంది."

"బంతిల గజ్జెల సప్పుడు వస్తుంది. మల్ల పెట్టు. జర సౌండ్ పెంచు. నువ్వు మాట్లాడకు."

మాట్లాడకు అని జమునతో ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అన్నా లాభం లేదని ఎల్లేష్‌కు పెళ్లైన నెలకే తెలిసిపోయింది. కానీ పిల్ల అప్పటికే మంచం దిగి టీవీ ముందుకు జరిగి, మోకాళ్ల మీద కూర్చుని, చెవి అద్దానికి ఆనించినంత పని చేసింది. జమున మళ్లీ టీవీ పెట్టింది.

చుట్టూ వేలమంది జనం. ఒక్కరి నోటి నుంచి మాట లేదు. ఒకామె చెయ్యి వెనక్కి ఊపి, బంతిని నేల మీద విసిరి దొర్లించింది. అవతలి ముగ్గురూ గోడ కూలినట్టు నేల మీద పక్కకు పడిపోయారు. వాళ్ల వెనక ఆ కొస నుంచి ఈ కొస దాకా వల. అందులోకి బంతి పోనివ్వకూడదన్నట్టుంది. జమున నోరు తెరిచింది కానీ ఈలోగా హైందవి మొదలుపెట్టింది.

"ఎగురుకుంట వస్తుంది. ఇప్పుడు ఉర్లుతుంది. ఆగింది, కాలుకు తాకింది. ఇప్పుడు వీళ్లు ఇసిరిన్రు. పోయింది, పోయింది, వలల వడ్డది."

అన్న తర్వాత విజిల్ మోగింది. జనం ఒక్కసారిగా అరిచారు. అంతలోనే మళ్లీ నిశ్శబ్దం.

పదేళ్లలో మొదటిసారి టీవీలో ఏం జరుగుతోందో కూతురు చెబుతుంటే తల్లి వింటోంది. ఇది కొత్తగా ఉందో బాధగా ఉందో జమున తేల్చుకోలేకపోయింది. అప్పుడే బంతి ఒకామె ముఖానికి తగిలింది. బరువైన బంతి. ఆమె వెల్లకిలా పడింది.

"అయ్యో, ఎవరన్నా పోయి లేపున్రి," అని జమున మంచం మీంచి లేచి నిలబడింది.

ఎవరూ లేపలేదు. విజిల్ మెడలో వేసుకున్న పెద్దమనిషి చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ ఉన్నాడు. పడ్డామె నేలను తడిమింది. నేల మీద గీత ఎక్కడుందో వేళ్లకు దొరికింది. లేచి, పట్టీ సర్దుకుని, బంతి అడిగి తీసుకుని విసిరింది. కాసేపటికి ఆట మధ్యలో ఆపి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి బెంచీ దగ్గరకు నడిచారు. అక్కడ పట్టీలు తీశారు. పడ్డామె కళ్లు కెమెరాకు ఎదురుగానే ఉన్నాయి. అవి దేన్నీ చూడడం లేదు. హైందవి కళ్లలాగే తెల్లగా, కొద్దికొద్దిగా కదులుతున్నాయి.

జమున మెల్లగా కూర్చుంది. "బిడ్డా, వాళ్లకు గూడ లేవే."

"నాకెప్పుడో ఎర్కైంది," అంది హైందవి.

"మరి పట్టీలెందుకు?"

ఆ సంగతి సాయంత్రం హైందవి చదివి వినిపించే తన ఫోన్లో కనుక్కుంది. ఆటపేరు గోల్‌బాల్. కొందరికి కాస్త మసక చూపు ఉంటుంది, అందరూ ఒక్కతీరుగా ఉండాలని అందరికీ పట్టీ కడతారు. బంతికి చిల్లులుంటాయి, లోపల గజ్జెలుంటాయి. గీతల కింద తాడు పెట్టి పైన టేపు వేస్తారు, చేతికి తగలడానికి. చూసేవాళ్లు నోరెత్తకూడదు. అన్నీ చెప్పి, "అమ్మా, నేను ఆడత," అంది.

జమున దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అసలు ఆ జవాబు పదేళ్లుగా సిద్ధంగానే ఉంది, ప్రశ్న మాత్రమే మారుతూ వచ్చింది. "పండ్లు రాలుతయి. పక్కబొక్కలు ఇరుగుతయి. దవాఖానల పండవెట్టుకుని నేనేం జెయ్యాలె? ఇంటర్ సదువుకుంటున్నవు, సదువుకో. కాలేజికి తీస్కపోతున్న, తీస్కొస్తున్న. ఇగ ఆటలొకటి తక్కువైనయా?"

"నువ్వు తీస్కపోతవు గనకనే మొన్న ఆబిడ్స్ చౌరస్తాల పడ్డ."

"నేను వట్టుకోకపోతే బండి కింద వడుదువు."

"బండి సప్పుడు నాకు ఇనవడ్డది. ఆగేదాన్నే. నువ్వు బండి బండి అని ఒర్లితివి. నీ లొల్లిల బండి యాడుందో తెల్వలే."

ఎల్లేష్ గోడవైపు తిరిగి దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికి అతను చేసే దగ్గు అది. జమునకు ఆ దగ్గు ఇరవై ఏళ్లుగా తెలుసు. "నువ్వు దగ్గకు," అంది.

అంతటితో ఆ మాట అయిపోయిందనుకుంది. నాలుగు రోజులు ఇంట్లో గోల్‌బాల్ ఊసు లేదు. ఐదో రోజు కాలేజీకి సెలవు. జమున హాలు తుడిచేసి, కూరగాయలు కొనకుండా తొందరగా ఇంటికొచ్చింది. సందు మలుపులోనే గలగలమని చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూసింది.

ఎల్లేష్ తలుపు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. శనగలు పోసి మూత బిగించిన పాలపొడి డబ్బాను నేల మీద దొర్లించాడు. మంచానికీ బీరువాకూ మధ్యనున్న జానెడు జాగాలో హైందవి ఒక్కసారిగా పక్కకు పడింది. డబ్బా పొట్టకు తగిలి ఆగింది. ఆమె తల మంచంకోడుకు నాలుగు వేళ్ల దూరంలో ఆగింది.

"ఇది పదకొండోది బాపు," అంది హైందవి.

"ఆపినయి పదకొండు. ఇడిసినయి గూడ లెక్కవెట్టు."

జమున గొంతులో కేక తయారైంది. కానీ ఆమె చూపు పిల్ల మీద లేదు, మంచంకోడు మీద ఉంది. ఈ పిల్ల మానదు. ఈ మనిషి మాన్పించడు. ఇవాళ నాలుగు వేళ్లు, రేపు రెండు వేళ్లు, ఎల్లుండి నెత్తి పగులుతుంది. ఆ కోడుకు మూల ఎంత పదునుగా ఉందో ఇన్నేళ్లలో తనెందుకు చూడలేదు? బీరువా కాళ్లు ఇనుపవి. గుమ్మానికి రాతి గడప. ఈ ఇంట్లో తల తగలనిచోటు ఒక్కటీ లేదు. వీళ్లను బతికించుకోవాలంటే తల తగలడానికి ఏమీలేని పెద్ద జాగా కావాలి. అట్లాంటి జాగా ఆమె తొమ్మిదేళ్లుగా రోజూ తుడుస్తోంది.

లోపలికి వచ్చి ఇద్దరినీ కడుపునిండా తిట్టింది. తిట్టడం అయ్యాక చీపురు పట్టి, డబ్బా మూత ఊడి చెల్లాచెదురైన శనగలు ఊడుస్తూ, "ఎంత జాగ గావాల్నే దానికి?" అని అడిగింది.

"అరవై అడుగుల పొడుగు, ముప్పై అడుగుల ఎడల్పు," అన్నాడు ఎల్లేష్. ముందే కనుక్కుని పెట్టుకున్నట్టున్నాడు.

హాలు మేనేజర్ వామన్‌రావు పాత ఆబిడ్స్ మనిషి. తెల్లటి లాల్చీ, జేబులో రెండు పెన్నులు. జమున వెళ్లి, "మా పిల్ల, దాని దోస్తులు ఐతారం నాడు మజ్జానం జర ఆడుకుంటరు సార్, హాలు ఖాళీగనే ఉంటది గదా," అని అడిగితే పేపరులోంచి తలెత్తకుండా, "ఆడుకోనియ్యి. ఏసీ మాత్రం వెయ్యకు," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే జమున, ఎల్లేష్ హాలుకు చేరారు. అతను దుకాణంలోంచి తెచ్చిన గోధుమరంగు టేపు, సుతిలి తాడుతో గీతలు వేశాడు. బంతి దగ్గర తిప్పలొచ్చాయి. బాస్కెట్‌బాల్‌ను కోసి, లోపల గజ్జెలు వేసి, బరువు కోసం జమున పాత గుడ్డలు కుక్కి దబ్బనంతో కుట్టింది. గుడ్డల మధ్య గజ్జెలు ఇరుక్కుని ఒక్క చప్పుడూ చేయలేదు. మళ్లీ కుట్లు విప్పి, గుడ్డలు తీసేసి, ఇంకో పిడికెడు గజ్జెలు పోసి, చీరల దుకాణం కవర్లు రెండు పైన బిగించి కట్టారు. కవర్లు గరగరమన్నాయి, గజ్జెలు గలగలమన్నాయి. బంతి ఎటు పోయినా వినిపించేలా తయారైంది.

తర్వాత జమున తన పని మొదలుపెట్టింది. హాల్లో నాలుగు స్తంభాలు. నాలుగింటికీ కుర్చీల తెల్ల తొడుగులు చుట్టి కట్టింది. మండపం మెట్ల అంచులకు తివాచీ మడిచి వేసింది. అప్పటికీ గోడ మూల ఒకటి గుచ్చుకునేలా కనిపించింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్ర మఖ్మల్ సోఫా దిండ్లు తెచ్చి అక్కడ పేర్చింది.

మూడింటికి ఆడపిల్లలు వచ్చారు. హైందవి, ఆమె పాత బడి స్నేహితులు స్వర్ణ, ప్రణవి, హాస్టల్ నుంచి ఇంకో ఇద్దరు. కాస్త మసక చూపున్న స్వర్ణ ముందు, మిగతావాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి వెనక. బస్టాపు నుంచి అట్లాగే నడిచి వచ్చి గేటు దాటారు. గేటు దగ్గర టీ తాగుతున్న వామన్‌రావు గ్లాసు దించాడు. వాళ్ల వెంట లోపలికి వచ్చి, స్తంభాలను చూశాడు, మఖ్మల్ దిండ్లను చూశాడు.

"జమునా, జర ఇటు రా."

"ఏంది సార్?"

"నీ బిడ్డ దోస్తులంటివి."

"ఔ సార్. దోస్తులే."

"గిట్లాంటోళ్లని జెప్పలే గదా."

"ఎట్లాంటోళ్లు సార్?"

వామన్‌రావు గొంతు తగ్గించాడు. మనిషి చెడ్డవాడు కాడు, అందుకే తగ్గించాడు. "నాకేం లేదమ్మా. నేను గవన్ని పట్టించుకునేటోణ్ణి గాదు. కాని పుస్తె గట్టే జాగ ఇది. శ్రావణానికి హాలు సూడనీకి పార్టీలు వస్తున్నరు. మండపం ముందర కండ్లు లేని ఆడపిల్లలు కింద మీద వడుతుంటే సూసి ఏమంటరు? అపశకునం అంటరు. వాళ్లను తీస్కపో. ఓనర్ సాబ్‌కు తెలిస్తే నా నౌకరీ పోతది, నీది గూడ పోతది."

హాలు ఖాళీగా ఉండడం వల్ల తగ్గించిన గొంతు కూడా మూలమూలకూ వినిపించింది. పిల్లలు ఐదుగురూ మాట్లాడడం మానేశారు.

ఈ మాట కోసం జమున తొమ్మిదేళ్లుగా ఎదురుచూసింది. ఎవరి నోటి నుంచి వస్తుందో తెలియక అందరి నోళ్లనూ అనుమానించింది. అందుకే ఒక్క లగ్గానికీ బిడ్డను ఇక్కడికి తేలేదు. ఒకసారి ఇంట్లో ఎవరూ లేక తేవలసివస్తే, వెనక గిన్నెల గదిలో కూర్చోబెట్టి బయట గొళ్లెం పెట్టింది. బాజాలు వింటూ పిల్ల నాలుగు గంటలు గంగాళాల మధ్య కూర్చుంది. ఈ మాట పిల్ల చెవిన పడితే తను నిలబడలేదని, ఆ రోజే తన పని అయిపోతుందని జమున అనుకుంది. ఇప్పుడు పడింది. టీ తాగిన నోటితో, నెమ్మదిగా, మర్యాదగా ఒక మనిషి అనేశాడు. ఇంకా ఏదో జరుగుతుందని ఆమె ఒక నిమిషం కాచుకుంది. కాళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. ఎల్లేష్ చేతిలో టేపు చుట్ట అట్లాగే ఉంది. ఇంతేనా, అనుకుంది జమున.

"అయిపోయిందా సార్?"

"ఏంది?"

"మీరు జెప్పుడు."

వామన్‌రావు జేబులోని పెన్నులు సర్దుకున్నాడు.

"తొమ్మిదేండ్ల నుంచి ఈ నేల తుడుస్తున్న. ఈడ అయిన లగ్గాలల్ల ఎన్ని నిలవడ్డయో, ఎన్ని కోర్టుకు పోయినయో మీకెర్కనే, నాకెర్కనే. ఆ లగ్గాలకు వచ్చినోళ్లందరు కండ్లున్నోళ్లే గదా. నా బిడ్డను నేను ఒక్క లగ్గానికి రానియ్యలే. మరి గా అపశకునం ఎవరు తెచ్చిన్రు?"

"నాతోని బహస్ ఎందుకమ్మా? లోకం సంగతి నేను జెప్పిన."

"శ్రావణంల ఎన్ని లగ్గాలున్నయి సార్?"

"పదకొండు. ఎందుకు?"

"నేను రాను. నా ఎంబడి వచ్చే నలుగురు రారు. ఎంగిలాకులు ఎవరు తీస్తరో సూసుకోన్రి."

వామన్‌రావు కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "బెదిరిస్తున్నవా?"

జమున కాసేపు ఆలోచించింది. ఇంతకు ముందు ఎవరినీ బెదిరించలేదు కనుక, తను చేస్తున్నది అదేనో కాదో ఆమెకు రూఢిగా తెలియలేదు.

"ఔ సార్. గదే అనుకుంట."

ఎల్లేష్ గోడవైపు తిరగలేదు, దగ్గలేదు. భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. వామన్‌రావు ఫోను తీసి నంబరు నొక్కుకుంటూ బయటి మెట్ల మీదికి వెళ్లాడు.

"అమ్మా," అంది హైందవి.

"ఏం జూస్తున్నవే, ఆడున్రి. ఆడనీకేనా వచ్చిన్రు, ముచ్చట్లు వెట్టనీకి వచ్చిన్రా?"

ఐదుగురే ఉన్నారు కనుక ఆరోవాడిగా ఎల్లేష్ నిలబడ్డాడు. జమున అందరికీ నల్లగుడ్డ పట్టీలు కట్టింది. స్వర్ణకు రెండు మడతలేసి కట్టి, "కనవడుతుందా?" అని రెండుసార్లు అడిగింది. ఎల్లేష్‌కు మూడు మడతలేసింది. ఇటు హైందవి, ప్రణవి, హాస్టల్ పిల్ల. అటు స్వర్ణ, ఇంకో పిల్ల, ఎల్లేష్. మొదటి బంతికే ఎల్లేష్ గోడవైపు ముఖం పెట్టి దండం పెట్టినట్టు పడుకున్నాడు. బంతి అతని వెనక నుంచి పోయింది.

"బాపు, ఆట ఇటు నడుస్తుంది," అంది హైందవి. పిల్లలందరూ నవ్వారు.

జమున స్తంభానికి ఆనుకుని, కొంగు ఉండచుట్టి నోట్లో పెట్టుకుంది. ఊరికే మూసుకుంటే ఆ నోరు ఆగదని ఆమెకు తెలుసు. భయం పోయిందా అంటే పోలేదు. అది పోయేది కాదు. బంతి దొర్లిన ప్రతిసారీ కుడిచేతి వైపు అని అరవాలనిపించింది, తల దించు అని అరవాలనిపించింది. పిల్లలు మాత్రం చెవులు రిక్కించి, గజ్జెలు ఎటు పలికితే అటు నిలువునా వాలిపోతున్నారు. నేలకు తగిలిన మోకాళ్ల చప్పుడు హాలంతా వినిపిస్తోంది.

అప్పుడు స్వర్ణ విసిరిన బంతి ఒకసారి ఎగిరి హైందవి మూతికి తగిలింది. పిల్ల అట్లాగే కింద పడింది. పెదవి మీంచి రక్తం గదుమ దాకా కారింది.

"అరె, రక్తం వస్తుంది," అని గుమ్మంలోంచి వామన్‌రావు అరిచాడు. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. "నేను జెప్తలేనా జమునా, ఆపు, ఆపున్రి, పోరికి దెబ్బ తాకింది."

ఆ కేకలకు మిగతా ఐదుగురూ తలలెత్తి నిలిచిపోయారు. బంతి ఎక్కడుందో ఎవరికీ వినిపించలేదు. నేల మీద హైందవి చెయ్యి అటూ ఇటూ తడుముతోంది. జమున కాళ్లు అప్పటికే రెండడుగులు వేశాయి. మూడో అడుగు పిల్ల వైపు పడాలి. ఆమె బలవంతంగా కాళ్లను తిప్పి గుమ్మం వైపు నడిచింది. వామన్‌రావు ఎదుట నిలబడి, కొంగు నోట్లోంచి తీసి, చాలా మెల్లగా చెప్పింది.

"సార్, మీరు అరుస్తే దానికి బంతి ఇనవడది."

"రక్తం కారుతుంటే..."

"కనవడుతుంది సార్. నాకు కండ్లున్నయి."

వెనక హైందవి వేళ్లకు సుతిలి గీత దొరికింది. ఆ గీత వెంటే పాకి బంతిని అందుకుంది. భుజానికి మూతి తుడుచుకుని నిలబడింది. ఎల్లేష్ పట్టీ పైకి జరపబోయి, మళ్లీ దించుకున్నాడు.

"ఇసురుతున్న," అంది హైందవి.

బంతి గలగల, గరగరల మధ్య గట్టిగా, తిన్నగా పోయింది. ఎల్లేష్ పడ్డాడు, ఇద్దరు పిల్లలు పడ్డారు, ముగ్గురి మధ్య నుంచీ అది జారిపోయి గోడ దగ్గరి మఖ్మల్ దిండుకు తగిలి ఆగింది. "పోయింది, వడ్డది," అని హైందవే చెప్పింది, ఎవరూ చెప్పకముందే. పిల్లలు అరిచిన అరుపులకు హాలు మారుమోగింది. జమున మాత్రం ఆ దిండు మీద మరక పడిందా అని కాకుండా, పిల్ల నోట్లో పళ్లన్నీ ఉన్నాయా అని దూరం నుంచే చూడడానికి మెడ సాచింది. ముందు పళ్లు ఉన్నాయి. లోపలివి ఇంటికి పోయాక చూడాలి.

వామన్‌రావు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతని గొంతు ఇప్పుడు గుసగుసగానే వచ్చింది. "ఓనర్ సాబ్‌కు జెప్పిన. స్వయంగ వస్తుండు. పావుగంటల ఉంటడు ఈడ. ఇగ నువ్వే జెప్పుకో."

"రానియ్యిన్రి సార్," అంది జమున. "చెప్పులు గేటుకాడ ఇడిసి రమ్మనున్రి. నేల తుడిసిన, పిల్లలు వడుతున్నరు."

తర్వాత బకెట్లోంచి తడిగుడ్డ పిండి తీసుకుని, హైందవి పక్కన నేల మీద పడ్డ రెండు రక్తపు చుక్కలను, బంతి అవతలి జట్టు దగ్గర ఉన్నప్పుడు చూసి, గబగబా తుడిచి వచ్చింది.